కారు గురించి నేను చెప్పిన సాక్ష్యం

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. లోపలికి పోదు, బయటికీ రాదు. దాన్ని అలాగే ఉంచుకుని ఆఫీసులో మీటింగులు నడిపాను, పాపకు అన్నం తినిపించాను, ప్రతి ఆదివారం చర్చిలో పాటలు పాడాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయి ఎన్నిసార్లు ఆగిపోయానో నాకే గుర్తులేదు.

చదివాక మీరు "ఇంతేనా?" అనుకోవచ్చు. ఒక పాత కారు, ఒక మెకానిక్, ఒక అబద్ధం. నేనూ చాలాసార్లు ఇంతేగా అనుకున్నాను. ఇంతే అయితే ఇన్నేళ్లు ఎందుకు మోస్తున్నాను? అది తెలియకే రాస్తున్నాను.

ముందుగా ఒకటి చెప్పాలి. ఆ కారు కావాలన్నది మా ఆయన కాదు. నేనే.

పాపకు అప్పుడు పది నెలలు. సెలవు అయిపోయి రాయదుర్గంలో ఆఫీసుకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. ఇల్లు మియాపూర్‌లో. పాపను ఇంటి దగ్గరి డేకేర్‌లో వదిలి వెళ్లాలి, ఫోన్ వస్తే పరుగెత్తుకు రావాలి. కారు కొందామని ఇద్దరం అనుకున్నాం. మా ఆయన ఒక చిన్న కారు చూసి పెట్టాడు. నేను చూసింది ఎనిమిదేళ్ల పాత స్పోర్ట్స్ సెడాన్. ముదురు నీలం. అప్పటికే లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో నడిపి చూశాను. రెండో గేరులో యాక్సిలరేటర్ నొక్కగానే వీపు సీటుకు అతుక్కుపోయింది.

పాప పుట్టాక నా నిద్ర నాది కాదు, ఆకలి నాది కాదు, ఒళ్లు నాది కాదు. ఆ కొన్ని క్షణాలు మాత్రం నేను ఎవరికీ అమ్మను కాదు. ఇలా రాయడం సిగ్గుగా ఉంది, కానీ ఆ కారు కోసం నేను అంత పట్టుబట్టడానికి వేరే కారణం ఎంత వెతికినా దొరకడం లేదు.

"లక్షా ముప్పై వేలు తిరిగిన బండే! అమ్మేవాడు అమ్ముకుంటున్నాడు, కొనేదానివి నీకేమైంది?" అన్నాడు మా ఆయన. ఏలూరు నుంచి అత్తయ్య ఫోన్ చేసి, "పిల్లతల్లివి, నీకు రేసు కారెందుకమ్మా? పాపను పోటీలకు పంపుతావా ఏంటి?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు లోపల ఎక్కడో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. ఆ కారుకు ఏ చిన్న రోగం వచ్చినా అది నా తప్పే అవుతుందని అప్పుడే తెలుసు.

కొనేముందు బండిని బాలానగర్ తీసుకెళ్లాం. అక్కడ మా చర్చికి వచ్చే ఒక మెకానిక్‌కు రేకుల షెడ్డు ఉండేది. ఆయన్ని ఇక్కడ ప్రభాకర్ అన్న అంటాను. అది అసలు పేరు కాదు. మా చర్చిలో కారున్న ఇళ్లలో సగానికి పైగా ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. ఆయన భార్య సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పేది.

ప్రభాకర్ అన్న ఇంజన్ స్టార్ట్ చేసి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత మా ఆయనతో కాదు, నాతో చెప్పాడు.

"ఇంజన్ మంచిగుంది సిస్టర్. కానీ ఇది ముసలి పహిల్వాన్. బలముంది, దానికేం ఫికర్ లేదు. టైముకు తిండి పెట్టాలె. ఎండల ఉరికిచ్చి నీళ్లియ్యకపోతే మాత్రం కూలవడ్తది."

బండి మనం చెప్పినట్టు వినదు, అది చెప్పినట్టు మనమే వినాలి అనేవాడు. ఆగిన వెంటనే ఇంజన్ ఆపొద్దు, ఒక నిమిషం ఊపిరి తీసుకోనివ్వాలి అనేవాడు. ఎవరైనా ఆడవాళ్లు కారు గురించి అడిగితే మగవాళ్లవైపు తిరిగి జవాబిచ్చే మెకానిక్‌లను చూశాను. ఆయన అలా కాదు. నాకు నేర్పాడు.

కొన్నాక రెండు వారాలు బండి ఆయన దగ్గరే ఉంది. వాటర్ పంపు, హోస్ పైపులు మార్చాడు. పాత కూలెంట్ అంతా తీసేసి కొత్తది నింపాడు. ఇంజన్‌ను చల్లగా ఉంచే ద్రవం అది. మా బండికి సరిపడేది గులాబీ రంగుది. మా ఇద్దరి ముందే డబ్బా సీలు విప్పాడు.

"గీ రంగుది తప్ప వేరేది పోయొద్దు. వేరేది కలిస్తే లోపల గడ్డ కడ్తది. పది దినాలల్ల జర తగ్గుతది, పరేషాన్ గాకుండ్రి. లోపలున్న గాలి పోతది కదా, అందుకే. లైటొస్తే నాకు ఫోన్ చెయ్యిండ్రి. నేనే వచ్చి నింపుత."

ఇంత స్పష్టంగా చెప్పాడు. నేను విన్నాను. తల ఊపాను కూడా.

బండి తెచ్చుకున్న వారానికి పాస్టర్ గారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చర్చివాళ్లు కొందరొచ్చారు. ప్రభాకర్ అన్న చివర్లో నిలబడి కళ్లు మూసుకున్నాడు.

తర్వాతి బుధవారం. మే నెల. మధ్యాహ్నం డేకేర్ నుంచి ఫోన్ వచ్చింది, పాపకు జ్వరం కాస్తోందని. ఆఫీసు సెల్లార్‌లో కారు స్టార్ట్ చేయగానే కూలెంట్ తక్కువైందని లైటు వెలిగింది. ప్రభాకర్ అన్నకు ఫోన్ చేశాను. బిజీ వచ్చింది. ఒక్కసారే చేశాను. రెండోసారి చేస్తే ఏమయ్యేది? ఈ ప్రశ్న నన్ను నేను కొన్ని వందలసార్లు అడిగి ఉంటాను.

దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆపాను. అక్కడి పనివాడు ఒక డబ్బా తెచ్చాడు. ఆకుపచ్చది. "అన్ని బండ్లకు ఇదే మేడమ్" అన్నాడు. నాకు గుర్తుంది. గులాబీది తప్ప పోయొద్దన్న మాట ఆ క్షణంలో నాకు స్పష్టంగా గుర్తుంది. మరిచిపోయి పోశానని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు. బానెట్ ఎత్తి, మూత తీసి, గీత వరకు నేనే పోశాను. లైటు ఆరిపోయింది. ఖాళీ డబ్బా బంకులో చెత్తబుట్టలో వేసి పాప దగ్గరికి వెళ్లిపోయాను.

సాయంత్రం ప్రభాకర్ అన్న తిరిగి ఫోన్ చేశాడు. శనివారం వచ్చి లెవెల్ చూస్తానన్నాడు. "లెవెల్ సరిగ్గానే ఉందన్నా, మీరు రానక్కర్లేదు" అన్నాను. అది అబద్ధమా? లెవెల్ నిజంగానే సరిగ్గా ఉంది. నేను ఉద్యోగంలో చేసే పనే తప్పులు వెతకడం. ఎవరో రాసిన ప్రోగ్రాంలో ఎక్కడ తేడా ఉందో పట్టుకుని, ఏ రోజు ఏ మార్పు చేశాక అది మొదలైందో వెనక్కి వెళ్లి చూసి చెబుతాను. ఆ పద్ధతిలో చూస్తే నా తప్పు ఆ డబ్బాతో మొదలుకాలేదు. ఆ ఫోన్‌తో మొదలైంది. ఆయన వచ్చి చూసి ఉంటే అరగంట తిట్టి, అంతా తీసేసి, మళ్లీ నింపి వెళ్లేవాడు. అరగంట తిట్లకు భయపడ్డానా? లేక, చూశావా నీ వల్ల కాదు అని ఇంట్లో ఒకరు అంటే పడలేననుకున్నానా?

మూడు వారాల తర్వాత కొండాపూర్ దాటి ఫ్లైఓవర్ ఎక్కుతుండగా వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ఆవిరి లేచింది. ఫ్లైఓవర్ మధ్యలో బండి ఆగిపోయింది. వెనక సీట్లో పాప. వెనకే వస్తున్న వాటర్ ట్యాంకర్ బ్రేకు వేసి, జారుకుంటూ వచ్చి, మా డిక్కీకి జానెడు దూరంలో ఆగింది. పాపను ఎత్తుకుని దిగి గోడ పక్కన నిలబడితే, ఎవరో తెలియని ఆవిడ వచ్చి పాపను తన చేతుల్లోకి తీసుకుంది.

మర్నాడు మా ఆయన, నేను బాలానగర్ వెళ్లాం. ప్రభాకర్ అన్న కింద బేసిన్ పెట్టి కూలెంట్ వదిలాడు. గులాబీ రంగు లేదు, ఆకుపచ్చా లేదు. తుప్పు రంగులో, చిక్కటి జావలా, ముద్దలు ముద్దలుగా కారింది. మా ఆయన ముఖం మారిపోయింది.

"ఏం పోశావన్నా ఇందులో? కొత్తది పోశానన్నావు. నా పిల్ల చచ్చిపోయేది తెలుసా?"

"సార్, నేను గులాబీదే పోసిన. మీ ముందటనే కదా డబ్బా ఇప్పిన."

"మరి ఇదేంటి? దానంతట అదే ఇలా అయిందా?"

ప్రభాకర్ అన్న వేళ్లతో ఆ ముద్దను నలిపి చూశాడు. తర్వాత తలెత్తి నావైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"సిస్టర్, జర యాదికి తెచ్చుకోండ్రి. మొన్న ఫోన్ చేసిన్రు కదా, నేను ఎత్తలే. లైటొచ్చి ఏమన్న పోసిన్రా ఇందుల? పోస్తే పోసిన్రు, ఏం కాదు. నాకు తెలిస్తే పని జల్దీ అయితది, గంతే."

మా ఆయన నావైపు తిరిగాడు.

"లేదన్నా" అన్నాను. అక్కడితో ఆగలేదు. "నేను బానెట్ కూడా ఎత్తలేదు" అన్నాను.

'లేదు' అన్నది భయంతో నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. ఆ రెండో వాక్యాన్ని ఏమనాలి? దాన్ని ఎవరూ అడగలేదు. అది నేను కూర్చుకున్నది. ఇటుక మీద ఇటుక పెట్టినట్టు పెట్టాను.

ప్రభాకర్ అన్న బేసిన్ పక్కకు జరిపాడు. చెయ్యి గుడ్డకు తుడుచుకున్నాడు.

"మంచిది సిస్టర్. అయితే నా చెయ్యే తప్పినట్టుంది."

ఆ మాట ఎందుకన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆయనకు తెలిసిపోయిందా? తెలిసి నన్ను కాపాడాడా? లేక నా మాట నిజమని నమ్మి, పాత డబ్బాలు ఏవైనా కలిసిపోయాయేమోనని తనను తానే అనుమానించుకున్నాడా? మొదటిదైతే నేను ఒక మంచి మనిషి మౌనం వెనక దాక్కున్నాను. రెండోదైతే ఒక మంచి పనివాడికి తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. ఏది తక్కువ తప్పో ఎంత ఆలోచించినా తేలదు. రేడియేటర్ మార్చి, ఇంజన్ పైభాగం విప్పి, పనంతా మొదటి నుంచి ఆయనే చేసి ఇచ్చాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో.

మా చర్చిలో ఒక ఆచారం ఉంది. దేవుడు ఎవరినైనా ఆపద నుంచి తప్పిస్తే, వాళ్లు ఆదివారం ఆరాధనలో అందరి ముందు నిలబడి అది చెప్పాలి. సాక్ష్యం అంటాం. ఫ్లైఓవర్ సంగతి తెలిసి పాస్టరమ్మ గారు ఇంటికొచ్చారు. "అంత పెద్ద గండం తప్పితే నోరు మూసుకుని కూర్చుంటావేంటమ్మా? దేవుడికి రావాల్సిన మహిమ దేవుడికివ్వాలి కదా!" అన్నారు. ఒప్పుకున్నాను. ట్యాంకర్ గురించి, పాపను ఎత్తుకున్న ఆవిడ గురించి మాత్రమే చెప్పాలనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

మైకు పట్టుకున్నాను. ఆడవాళ్లవైపు అందరూ నన్నే చూస్తున్నారు. మొదట మాటలు తడబడ్డాయి. బండి ఎందుకు ఆగిందో చెప్పకుండా కథ ముందుకు కదల్లేదు. అప్పుడు నా నోటి నుంచి వచ్చింది: "పని చేసినవాళ్ల అజాగ్రత్త వల్ల ఇంజన్ మరిగిపోయింది. మనుషులు మోసం చేసినా దేవుడు మోసం చేయడు." వెనక నుంచి ఎవరో "ఆమెన్" అన్నారు. తర్వాత చాలామంది అన్నారు. వాళ్ల గొంతులు వినగానే నా గొంతులో వణుకు పోయింది. చక్కగా చెప్పాను. ఏడ్చాను కూడా. ఆ కన్నీళ్లు నిజమైనవే, అదే నాకు అర్థం కాదు.

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. మా బండి పని ఎవరు చేశారో చర్చిలో అందరికీ తెలుసు. ప్రభాకర్ అన్న మగవాళ్లవైపు మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. ఆయనవైపు నేను చూడలేదు. ఆయనా ఆమెన్ అన్నాడో లేదో నాకు తెలియదు.

తర్వాత ఏమైంది? ఎవరూ ఆయనతో గొడవ పెట్టుకోలేదు. మా దగ్గర అలా జరగదు. ఒకరు బండిని కంపెనీ సర్వీసుకు ఇచ్చారు. ఇంకొకరు "ఈసారికి వేరే అతనికి చూపిద్దాం" అన్నారు. ఆరాధన అయ్యాక బయట నిలబడి ఆయనతో బండ్ల గురించి మాట్లాడే గుంపు పలచబడింది. ఆయన భార్య సండే స్కూలు మానేసింది. వానాకాలం పోయేసరికి వాళ్లు మా చర్చికి రావడమే మానేశారు. ఏడాది తిరగకముందే బాలానగర్ షెడ్డు ఎత్తేసి, పటాన్‌చెరువు దాటాక ఎవరిదో పెద్ద షెడ్డులో పనికి కుదిరాడని విన్నాను. షెడ్డు కిరాయి పెంచారని కొందరన్నారు. కావచ్చు. అది పూర్తిగా నా వల్లే జరిగిందని ఎవరూ అనలేదు. పూర్తిగా నా వల్ల కాదని నేనూ అనుకోలేకపోతున్నాను.

ఇంకో విషయం. ఆ ఆకుపచ్చ డబ్బా వల్లే ఇంజన్ మరిగిందా అన్నది కూడా నాకు ఖాయంగా తెలియదు. ఇంటర్నెట్‌లో చదివాను. రంగును బట్టి ఏమీ చెప్పలేమని కొందరు రాశారు. కలిస్తే గడ్డ కట్టి తీరుతుందని కొందరు రాశారు. ఇప్పుడు మా బండి చూసే అతను, అంత తిరిగిన బండిలో పాత రేడియేటర్ దానంతట అదే పూడుకుపోవచ్చన్నాడు. ఆ మాట విన్న రోజు నాకు ప్రాణం లేచి వచ్చింది. తేలిగ్గా నిద్రపోయాను. పొద్దున లేచేసరికి ఆ తేలిక లేదు. రేడియేటర్ దానంతట అదే పూడుకుపోయి ఉండవచ్చు. కానీ బానెట్ ఎత్తలేదన్న మాట దానంతట అదే రాలేదు.

మా ఆయనకు ఎందుకు చెప్పలేదు? మొదట్లో కారు కోసం. తర్వాత సాక్ష్యం కోసం. ఇప్పుడు ఇన్నేళ్లు దాచినందుకు. ఒక్కో ఏడాదికి కారణం మారుతూ వచ్చింది. దాచడం మాత్రం మారలేదు. ఆయన ఇప్పటికీ కొత్తవాళ్లెవరైనా మెకానిక్ కోసం అడిగితే, "తెలిసినవాళ్లని, చర్చివాళ్లని ఇవ్వకండి, మేం ఇచ్చి అనుభవించాం" అంటాడు. నేను పక్కనే ఉండి టీ కప్పులు అందిస్తుంటాను.

కారు ఇంకా మా దగ్గరే ఉంది. లక్షా తొంభై వేలు దాటింది. అత్తయ్య కూడా ఇప్పుడు దానిలోనే కూర్చుని, "సీట్లు మెత్తగా ఉన్నాయే" అంటారు. రెండో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే నాకు ఇప్పటికీ ఆనందంగానే ఉంటుంది. దాన్ని అమ్మేస్తే మనసు తేలికవుతుందేమోనని చూశాను. అమ్మకానికి పెట్టడానికి ఫోటోలు కూడా తీశాను. పెట్టలేదు. తప్పు చేసి కూడా దాని మీద ఇంత ప్రేమ ఎలా పెట్టుకోగలుగుతున్నానో తెలియదు.

ఇప్పుడే ఇది ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం స్త్రీల కూటం పెద్దావిడ ఫోన్ చేశారు. ఈ శనివారం ప్రత్యేక కూటం ఉందట, చుట్టుపక్కల చర్చిల నుంచి వస్తారట. "ఆ కారు సాక్ష్యం మళ్లీ చెప్పమ్మా. నువ్వు చెబుతుంటే మాకందరికీ ఒళ్లు పులకరించింది" అన్నారు. "సరేనండి" అన్నాను. ఎందుకు సరేనన్నాను? కాదంటే ఎందుకని అడుగుతారు. అంతే కారణం.

ఆ మర్నాడు ఆఫీసు సెల్లార్‌లో కారులో కూర్చుని ప్రభాకర్ అన్నకు ఫోన్ చేశాను. ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు.

"ప్రైజ్ ది లార్డ్ సిస్టర్! మస్తు దినాలాయె! పాప మంచిగుందా? పెద్దగైంది కావొచ్చు?"

"బాగుందన్నా. యూకేజీ."

"బండి ఉంచిన్రా, అమ్మేసిన్రా?"

"ఉందన్నా."

"అరె వా! ఇంకా ఉరుకుతుందా పహిల్వాన్! ఎవరు చేస్తున్నరు పని?"

"మియాపూర్‌లో ఒకతను."

"నమ్మకంగ ఉంటడా?"

ఆయన హలో, హలో అన్నాడు. "ఉంటాడన్నా" అన్నాను.

"గదే కావాలె సిస్టర్" అన్నాడు. వెనక ఎవరో ఆయన్ని గట్టిగా పిలిచారు. "ఓనర్ సాబ్ పిలుస్తుండు, ఉంట" అని పెట్టేశాడు. ఫోన్ ఎందుకు చేశానో ఆయన అడగను కూడా అడగలేదు.

నమ్మకంగ ఉంటడా అన్న ఆ ప్రశ్నలో వేరే అర్థం ఉందా? ఆరు రోజులుగా ఆయన గొంతును మళ్లీ మళ్లీ గుర్తుచేసుకుంటున్నాను. ఒకసారి ఉన్నట్టు వినిపిస్తుంది. ఒకసారి ఏమీ లేనట్టు, ఒక మెకానిక్ ఇంకో మెకానిక్ గురించి అడిగినట్టే వినిపిస్తుంది.

ఎల్లుండే శనివారం. మైకు నా చేతికిస్తారు. ఏం చెబుతానో నాకు తెలియదు. నిజం చెబుతానని మీకు మాటిచ్చే ధైర్యం లేదు, మాటిచ్చి తప్పడం నాకు అలవాటే. ఒంట్లో బాగోలేదని మానేస్తానేమో. అదీ ఇంకో అబద్ధమే. మీరు నన్ను క్షమించాలని కూడా అడగను, మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు.

కానీ ఇక్కడైనా రాస్తాను. మే నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం, పోయొద్దని తెలిసి, ఆ కూలెంట్ పోసింది నేను. అడిగితే బానెట్ కూడా ఎత్తలేదన్నది నేను. ఆ తప్పును మైకులో ఇంకొకరి మీద వేసింది నేను. ఆయన అజాగ్రత్త ఏమీ లేదు.

ఈ నాలుగు వాక్యాలను నా ఉద్యోగపు అలవాటు కొద్దీ మళ్లీ మళ్లీ చదివాను. ఎక్కడైనా తేడా ఉందేమోనని ఒక్కో మాట దగ్గరా ఆగాను. దిద్దాల్సింది ఏమీ కనిపించలేదు.